బీరువాలో దొరికిన 1986 వెండి డాలరు: అది ఏమిటి, ఎంత పలుకుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను, పొరపాటుంటే దిద్దండి. నాన్నగారి బీరువాలో ఒక పెద్ద వెండి నాణెం దొరికింది. ఒక వైపు లిబర్టీ విగ్రహం, 1986 అనే సంవత్సరం ఉన్నాయి. రెండో వైపు కాగడా పట్టుకున్న చెయ్యి, 'వన్ డాలర్' అనే మాట. మీ మేనమామగారు న్యూజెర్సీ నుంచి మొదటిసారి సెలవులకు వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చారు. అప్పటినుంచి ఏటా దీపావళి లక్ష్మీపూజలో కలశం పక్కన పెట్టేవారు. ఇప్పుడు మీ వీధి కంసాలి వెండి ధరకు తీసుకుంటానన్నాడు. ఫోనులో పరిచయమైన ఒకాయన మాత్రం మూడున్నర లక్షలు ఇస్తానని, ముందు రిజిస్ట్రేషను కింద 2,500 పంపమని అడిగాడు. ఎవరి మాట నమ్మాలి?

కంసాలి మాటే నిజానికి దగ్గర. రెండో ఆయనకు రూపాయి కూడా పంపవద్దు. పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని రుసుములు వసూలు చేసే మోసగాళ్ళ గురించి రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. నిజంగా నాణెం కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. ఆ విషయం అక్కడితో వదిలేద్దాం. అసలు నాణెం సంగతి చెప్పుకోవలసినది చాలా ఉంది.

మీరు పంపిన రెండు ఫోటోలు చూస్తే అది లిబర్టీ విగ్రహం శతాబ్ది సందర్భంగా అమెరికా టంకశాల తీసిన స్మారక డాలరు. విగ్రహావిష్కరణ 1886 అక్టోబరులో జరిగింది. నూరేళ్ళు నిండే నాటికి విగ్రహానికి, దాని పక్కనే పాడుబడి ఉన్న ఎల్లిస్ దీవి కట్టడాలకు మరమ్మతులు కావాలి. దానికి నిధుల కోసం 1985లో చట్టం చేసి మూడు రకాల నాణేలు అమ్మారు: రాగి నికెల్‌తో అర డాలరు, వెండితో డాలరు, బంగారంతో అయిదు డాలర్లు. ప్రతి వెండి డాలరు ధరలోనూ 7 డాలర్లు ఆ నిధికి చెందాయి. మొత్తం మీద సుమారు 8 కోట్ల 30 లక్షల డాలర్లు పోగయ్యాయి. స్మారక నాణేల్లో అంత బాగా అమ్ముడైనవి తక్కువ. మీ నాణెం ధర తక్కువగా ఉండటానికి కారణం కూడా సరిగ్గా అదే. ఆ లెక్కకు తర్వాత వస్తాను.

బొమ్మ వైపు విగ్రహం వెనుక కనిపించే భవనం ఎల్లిస్ దీవిలోని వలస కేంద్రం. 1892 నుంచి 1954 వరకు కోటీ ఇరవై లక్షల మంది ఆ గుమ్మం దాటే అమెరికాలో అడుగుపెట్టారు. అందుకే అక్కడ 'ఎల్లిస్ ఐలాండ్, గేట్‌వే టు అమెరికా' అని రాసి ఉంటుంది. బొరుసు వైపు కాగడా పక్కన, లిబర్టీ విగ్రహం గురించి ఎమ్మా లాజరస్ రాసిన కవితలోని పంక్తులు ఉంటాయి. ఈ డాలరు శిల్పి జాన్ మెర్కాంటి, కాగడా వైపు మాథ్యూ పెలోసో కూడా చెయ్యి కలిపారు. మీ మేనమామ విమానంలో వెళ్ళి ఉంటారు కాబట్టి ఎల్లిస్ దీవితో ఆయనకు పని పడి ఉండదు. అయినా కొత్తగా వలస వెళ్ళిన మనిషి ఇంటికి తెచ్చే కానుకగా ఇంతకంటే తగిన నాణెం మరొకటి ఉండదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పుడు గుర్తుపట్టే పని. భూతద్దం తీసుకుని బొమ్మ వైపు ఒక చిన్న అక్షరం వెతకండి. 'ఎస్' ఉంటే శాన్ ఫ్రాన్సిస్కోలో చేసిన ప్రూఫ్ నాణెం. 'పి' ఉంటే ఫిలడెల్ఫియాలో చేసిన అన్‌సర్క్యులేటెడ్ నాణెం, అంటే చేతులు మారని మామూలు ముద్రణ. ప్రూఫ్ అంటే చాలామంది నమూనా అనుకుంటారు, కాదు. మెరుగు పెట్టిన బిళ్ళ మీద మెరుగు పెట్టిన అచ్చుతో ఒకటికి రెండు సార్లు కొట్టి చేస్తారు. నేపథ్యం అద్దంలా ముఖం కనిపించేటంత నున్నగా ఉంటుంది, బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా, మసకగా ఉంటుంది. ఆ అద్దానికీ మంచుకూ మధ్య తేడాయే ప్రూఫ్ అందం. 'పి' నాణెంలో అద్దం ఉండదు, అంతా ఒకే రకమైన మెత్తని వెండి మెరుపు.

మీ ఫోటోలో అక్షరం 'ఎస్' లాగే ఉంది, కాని నేపథ్యంలో అద్దం లేదు. మొదట నకిలీయేమో అనుకున్నాను. తర్వాత మీ ఉత్తరం మళ్ళీ చదివాను. దీపావళి, లక్ష్మీపూజ, 'ప్రతిసారీ చింతపండుతో తోమి, విభూతితో తుడిచి పెట్టేవాళ్ళం.' అర్థమైంది. అద్దం ఎక్కడికి పోయిందో మీ ఉత్తరమే చెప్పింది.

నకిలీ భయం తీర్చుకోవడం తేలిక. నగల కొట్టువాళ్ళు వాడే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచండి. 26.73 గ్రాములు ఉండాలి. వ్యాసం 38.1 మిల్లీమీటర్లు. గ్రాములో పదో వంతు అటూ ఇటూ అయితే ఫరవాలేదు, గ్రాము తేడా ఉంటే మాత్రం ఆగాలి. ఈ రెండు కొలతలూ కలిపి చూడటంలో ఒక కిటుకు ఉంది. రాగి, నికెల్ వెండికంటే తేలిక. అదే పరిమాణంలో రాగి నికెల్ బిళ్ళ చేస్తే బరువు 23 గ్రాముల దగ్గరే ఆగుతుంది. బరువు సరిపెట్టాలంటే మందం పెంచాలి, అప్పుడు చేతికే తెలిసిపోతుంది. ఇంకా అనుమానం ఉంటే గ్లాసుడు నీళ్ళు త్రాసు మీద పెట్టి, సున్నా చేసి, నాణేన్ని సన్నని దారంతో గ్లాసు అడుగు తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. త్రాసు 2.6 గ్రాములకు దగ్గరగా చూపాలి. 3 చూపితే అది వెండి కాదు. ఆర్కిమిడీస్ కిటుకే, వంటింట్లో అయిదు నిమిషాల పని. అయస్కాంతం సంగతి మీకు తెలిసే ఉంటుంది: అంటుకుంటే నకిలీయే. అంటుకోకపోయినంత మాత్రాన అసలుది అని కాదు, రాగి కూడా అంటుకోదు.

ఒక్క పని మాత్రం ఎవరినీ చేయనివ్వవద్దు. గీటురాయి మీద రుద్దనివ్వవద్దు. కంసాలికి అది అలవాటు, చెయ్యి తనంతట తానే రాయి వైపు వెళుతుంది. నాణేనికి ఆ గీత జన్మకు పోదు. పెద్ద కొట్లలో ఎక్స్‌రే పరికరంతో లోహం శాతం చూస్తారు, అది నయం. కాని ఆ కిరణం పైపొరనే చదువుతుంది, మందమైన వెండి పూతను చూసి కూడా 'వెండే' అంటుంది. కాబట్టి బరువూ కొలతా ముందు, పరికరం తర్వాత.

అంచు ఫోటో మీరు పంపలేదు. చుట్టూ సన్నని నిలువు గీతలు, మొత్తం ఒకే వెండి రంగు ఉండాలి. అంచులో ఎర్రటి రాగి చార కనిపిస్తే అది వేరే నాణెం.

ఇంతకీ ఎందుకింత జాగ్రత్త అంటే, ఇదే బొమ్మో, ఇదే సంవత్సరమో, ఇదే డాలరు అనే మాటో ఉండి మన ఇళ్ళలో తిరిగే నాణేలు మరికొన్ని ఉన్నాయి. 1986లోనే అమెరికా సిల్వర్ ఈగిల్ అనే డాలరు కూడా మొదలైంది. దాని మీద నడుస్తున్న లిబర్టీ దేవత ఉంటుంది, విగ్రహం కాదు. 40.6 మిల్లీమీటర్ల వ్యాసం, దాదాపు 99.9 శాతం వెండి, సరిగ్గా ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు. 2021 వరకు దాని గద్ద వైపు బొమ్మ కూడా ఈ జాన్ మెర్కాంటిదే. అది స్మారకం కాదు, వెండిలో డబ్బు దాచుకునేవాళ్ళ కోసం చేసింది. ఇక 2007 నుంచి 2016 వరకు అధ్యక్షుల తలలతో వచ్చిన బంగారు రంగు డాలర్ల వెనుక కూడా లిబర్టీ విగ్రహమే ఉంటుంది. 26.5 మిల్లీమీటర్లు, 8.1 గ్రాములు, మాంగనీసు కలిపిన ఇత్తడి పూత. పిల్లలు అమెరికా నుంచి తెచ్చిన వీటిని బంగారం అనుకుని లాకరులో పెట్టిన పెద్దవాళ్ళు నాకు కనీసం ముగ్గురు తెలుసు. దాని విలువ ఒక డాలరు. 2007 నాటి వాషింగ్టన్ నాణేల్లో అంచు మీద రాత పడకుండా బయటికి వచ్చినవి కొన్ని ఉన్నాయి, వాటికి మాత్రం సేకర్తలు ఎక్కువ ఇస్తారు. పనిలో పనిగా అవి ఉంటే అంచు చూడండి.

ఇప్పుడు ధర. ఆధునిక స్మారక నాణేనికి విలువ కట్టేటప్పుడు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను: అందులో లోహం ఎంత, ఎన్ని చేశారు, ఎందరికి కావాలి. మూడోది అందరూ మరిచిపోతారు.

లోహం లెక్క సులువు. 26.73 గ్రాముల్లో 90 శాతం వెండి, 10 శాతం రాగి. అంటే 24.06 గ్రాముల అసలు వెండి, ట్రాయ్ ఔన్సుల్లో 0.7734. కిలో వెండి లక్ష రూపాయలు ఉన్న రోజున సుమారు 2,400 రూపాయలు. లక్షన్నర ఉన్న రోజున సుమారు 3,600. ఆ రోజు ధరను మీరే వేసి చూసుకోండి. కంసాలి నాణెం మొత్తం బరువుకు కాక అందులోని వెండికి కడతాడు, అది న్యాయమే. ఆ తర్వాత తరుగు అంటూ పదో పదిహేనో శాతం కోస్తే బేరమాడండి, ఎందుకంటే ఈ నాణెంలో వెండి శాతం ఎవరి నోటి మాటా కాదు, అమెరికా చట్టంలో రాసిన లెక్క.

ఎన్ని చేశారు? 'ఎస్' ప్రూఫ్ 64,14,638. 'పి' 7,23,635. మళ్ళీ చదవండి, అరవై నాలుగు లక్షలు! ఆ ఏడాది ప్రతి అమెరికా కార్యాలయంలోనూ ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి ఈ నాణెం కానుక ఇచ్చి ఉంటారు. వాటిలో ఎక్కువ భాగం ఈ రోజుకీ పెట్టెల్లోనే మెరుస్తూ ఉన్నాయి. అందుకే అమెరికాలో చెక్కుచెదరని ప్రూఫ్, పెట్టెతో, ధ్రువపత్రంతో సహా, వెండి విలువకు కాస్త అటూ ఇటూగా అమ్ముడవుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. 'పి' నాణేలు 'ఎస్' నాణేల్లో దాదాపు తొమ్మిదో వంతే. తొమ్మిదింతలు అరుదైనది తొమ్మిదింతలు పలకాలి కదా? పలకదు. రెంటి ధరా దాదాపు ఒకటే. ఏడు లక్షల నాణేలంటే కావలసినవాళ్ళందరికీ పంచినా మిగులుతాయి. అరుదు అనే మాటకు కావలసినవాళ్ళ సంఖ్యతో పోల్చినప్పుడే అర్థం.

దీనికి ఎదురుగా 1996 పారాలింపిక్ డాలరును పెట్టి చూడండి. చక్రాల కుర్చీలో క్రీడాకారుడి బొమ్మ. అట్లాంటా ఒలింపిక్స్ పేరు మీద 1995, 1996 సంవత్సరాల్లో పదహారు రకాల నాణేలు, ఒక్కోటి రెండు ముద్రణల్లో, మొత్తం ముప్పై రెండు వదిలారు. సేకర్తలకు విసుగు పుట్టింది, జేబులు ఖాళీ అయ్యాయి. డెన్వర్‌లో చేసిన అన్‌సర్క్యులేటెడ్ పారాలింపిక్ డాలర్లు 14,497 మాత్రమే అమ్ముడయ్యాయి. అప్పుడు ఎవరూ కొనని ఆ నాణేన్నే ఇప్పుడు అందరూ వెతుకుతున్నారు, వెండి విలువకు కొన్ని రెట్లు ఇచ్చి మరీ. లోహం అదే, బరువు అదే, పదేళ్ళు కొత్తది కూడా. నాణేనికి వయసు వల్లనే విలువ వస్తుందనుకునేవాళ్ళకు నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెబుతాను. ఆ గందరగోళం తర్వాతే ఏడాదికి రెండు స్మారక సందర్భాలు మించకూడదని అమెరికాలో చట్టం వచ్చింది, 1999 నుంచి అమలైంది.

ఈ పారాలింపిక్ నాణెంతో నాకు సొంత అనుభవం ఉంది, సిగ్గుపడుతూనే చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం ఒక నాణేల ప్రదర్శనలో ఒక వ్యాపారి 'ప్రపంచంలో పద్నాలుగు వేలే ఉన్నాయి' అంటూ పారాలింపిక్ డాలరు చూపించాడు. అంకె నాకు తెలిసిందే, బొమ్మ సరిపోయింది, బేరం కూడా చేశాననే గర్వంతో ఇంటికి వచ్చాను. రాత్రి దీపం కింద చూస్తే అక్షరం 'పి'. అంటే ఫిలడెల్ఫియా ప్రూఫ్, అలాంటివి 84,280 చేశారు. నాకు కావలసింది డెన్వర్ 'డి'. ఆవగింజంత అక్షరానికి నెల జీతంలో సగం పోయింది. అబద్ధమాడింది ఆయనే, కాని భూతద్దం జేబులోనే ఉంచుకుని చూడని తప్పు నాది.

ఇక మీ నాణెం స్థితి. అమెరికాలో పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే రెండు సంస్థలు నాణేన్ని పరిశీలించి, 1 నుంచి 70 వరకు అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో సీలు వేసి ఇస్తాయి. 1986 ప్రూఫ్‌లకు 69 రావడం మామూలు విషయం, దానికి అదనంగా వచ్చేది స్వల్పం. మచ్చలేని 70 వస్తేనే చెప్పుకోదగ్గ తేడా. తోమిన నాణేనికి అంకె కూడా వేయరు, 'శుభ్రం చేసినది' అని రాసి పంపుతారు. ఇక్కడి నుంచి పంపే ఖర్చు, బీమా, రుసుము కలిపితే నాణెం ధరను మించిపోతుంది. కాబట్టి పంపవద్దు.

చింతపండు పెట్టి తోమితే నలుపు పోతుంది, దానితోపాటు వెండి పైపొర కూడా కొంత అరుగుతుంది. విభూతి సన్నని ఇసుకకాగితంలా గీస్తుంది. కుందికీ గిన్నెకూ అది మెరుగు, ప్రూఫ్ అద్దానికి చావు. మీ ఇంట్లో వాళ్ళ తప్పు లేదు. వెండి వస్తువు నల్లబడితే తోమడం మనకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. మా ఇంట్లోనూ ఒక నాణెం అలాగే పోయింది, తోమింది మా అమ్మ కాదు, నేనే. మరో నాణేన్ని స్నేహితులకు చూపాలని, అది ఉన్న ప్లాస్టిక్ క్యాప్సూల్ తెరిచి ఒట్టి వేళ్ళతో పట్టుకున్నాను. మూడేళ్ళకు నా బొటనవేలి ముద్ర గోధుమరంగులో అద్దం మీద తేలింది. పోలీసులకు పనికొచ్చేటంత స్పష్టంగా ఉంది.

కాబట్టి ఇంట్లో ఇంకా తోమని అమెరికా నాణేలు ఉంటే అలాగే ఉంచండి. అంచు మాత్రమే పట్టుకోండి. రబ్బరు బ్యాండు, వార్తాపత్రిక కాగితం వెండికి దగ్గరగా ఉండకూడదు, వాటిలోని గంధకం నల్లబరుస్తుంది. మెత్తటి మామూలు ప్లాస్టిక్ కవర్లు కొన్నేళ్ళకు పచ్చటి జిగురు వదులుతాయి. మీది కోస్తా కాబట్టి తేమ పీల్చే సిలికా పొట్లం ఒకటి పెట్టెలో వేయండి.

మీరు అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. నాణెం వచ్చిన పెట్టె ఉందా? అందులో ఈ డాలరుతోపాటు చిన్న నాణేనికి మరో గుంట ఉందా? ఉంటే అది అర డాలరుతో కలిపి అమ్మిన జత. ఆ చిన్నదానిలో వెండి లేదు, ధర నామమాత్రం, కాని జత పూర్తయితే అమ్మడం తేలిక. మూడో గుంట కూడా ఉంటే మాత్రం బీరువా మళ్ళీ వెతకండి. అయిదు డాలర్ల బంగారు నాణెం 8.36 గ్రాములు, 90 శాతం బంగారం, 21.6 మిల్లీమీటర్లే కాబట్టి ఏ అరలోనైనా జారిపోతుంది. దాని ముందు ఈ వెండి డాలరు ధర లెక్కలోకి రాదు.

ధర చూసుకోవడానికి ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబే తెరిస్తే అడుగుతున్న ధరలు చూడవద్దు, ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. అమ్ముడైపోయిన వాటిని మాత్రమే చూపమని ఎంచుకుని, చివరి పది పన్నెండు చూడండి. అడిగేవాడి ఆశకూ కొన్నవాడి మాటకూ ఉన్న దూరం మీకే తెలుస్తుంది. చట్టపరంగా చింత లేదు, నూరేళ్ళు నిండని నాణెం పురావస్తువు కిందికి రాదు. రేపు మీ దగ్గరికి ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం లక్షలు పలుకుతుందని ఎవరైనా వచ్చినా ఇదే లెక్క వేయండి: అందులో వెండి సగమే, ఎన్ని చేశారో అడగండి, కొనేవాళ్ళు ఎందరో అడగండి.

నేనైతే ఈ నాణేన్ని అమ్మను. వెండి విలువకు పోయేదానికి తొందర దేనికి, వెండి ఎక్కడికీ పోదు. అమ్మగారు వచ్చే దీపావళికి కూడా కలశం పక్కన పెట్టాలంటే పెట్టనివ్వండి. కాకపోతే ఇకమీదట తోమవద్దు, గుండ్రటి గట్టి క్యాప్సూల్ ఒకటి కొని అందులో పెట్టి, కుంకుమ బొట్టు క్యాప్సూల్ మీద పెట్టండి. కొనేటప్పుడు 38.1 మిల్లీమీటర్లది అని చెప్పి అడగండి. అమెరికా డాలరుకు అనగానే కొట్టువాళ్ళు ఈగిల్ కొలతది చేతికిస్తారు. అందులో మీ నాణెం గజ్జెలా మోగుతుంది.